‘తీరిక వేళల్లో అల్లుకునే పని’

కుట్లూ అల్లికలూ అనే మాట మన ఉద్యమంలో చాలాకాలం వెటకారంగానే వినబడింది. ఏ పత్రిక అయినా స్త్రీల శీర్షిక మొదలుపెట్టిందంటే అందులో వంటలు, ముగ్గులు, కుట్లూ అల్లికలూ తప్ప ఇంకేమీ ఉండవని మనం విమర్శించాం. ప్రభుత్వం స్త్రీలకు ఏదో శిక్షణ ఇస్తోందంటే అది కుట్టుమిషనో అల్లికో అయివుంటుందని నవ్వుకున్నాం. ఆ విమర్శ న్యాయమైనదే. ఆడపిల్ల చేతికి పుస్తకం బదులు సూది ఇచ్చిన సమాజం మనది.

అయితే గత కొన్నేళ్లుగా ఒక మార్పు చూస్తున్నాను. చదువుకుని, ఉద్యోగాలు చేస్తున్న యువతులు తమంతట తాముగా క్రోషే సూది పట్టుకుంటున్నారు. నేర్చుకొమ్మని వాళ్లని ఎవరూ బలవంతపెట్టలేదు. ఒకరి అల్లిక ఒకరికి చూపించుకుంటూ, చిక్కుపడ్డచోట అడిగి తెలుసుకుంటూ, ఎన్నడూ ఎదురుపడని స్త్రీలు ఫోన్లమీదే స్నేహితులవుతున్నారు. మన సమావేశాల్లో కూడా చర్చ సాగుతుండగా వెనక వరసలో ఒకరిద్దరి ఒళ్లో ఊలు ఉండలు కనబడుతున్నాయి. ఇది చూసి నా వయసు మిత్రులు కొందరు నొసలు చిట్లిస్తున్నారు, ఇన్నేళ్లు కొట్లాడింది మళ్లీ సూది పట్టుకోవడానికా అని. ఇంకొందరు దీన్ని స్త్రీల సృజనగా, ఆ మాటకొస్తే తిరుగుబాటుగా కూడా వర్ణిస్తున్నారు. ఈ రెండు వాదనల్లోనూ ఒక మనిషి కనబడకుండా పోతోంది. ఆవిడ గోదావరి డెల్టాలో గుమ్మం దగ్గర వెలుతురుకి కూర్చుని లేసు అల్లే మనిషి. ఆవిణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకుని మాట్లాడితేనే ఈ చర్చకు అర్థం ఉంటుందని నా అభిప్రాయం.

ముందు నొసలు చిట్లించేవారి సంగతి. మధ్యతరగతి ఇళ్లలో ఈ సూది చేసిన పని మనకు తెలిసిందే. రేడియో మీద గుడ్డ, ఆ తర్వాత టీవీ మీద గుడ్డ, టీపాయి మీద గుడ్డ, గుమ్మానికి తెర. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకి ‘ఇవన్నీ మా అమ్మాయే అల్లింది’ అని చూపించేవాళ్లు. అక్కడ చూపిస్తున్నది గుడ్డని కాదు, తలవంచుకుని గంటల తరబడి కూర్చోగల ఆ పిల్ల ఓపికని. (మా ఇంట్లో టీవీ పెట్టాలంటే ముందు దానిమీది తెల్ల లేసు తెరని జాగ్రత్తగా మడిచి పైకి వెయ్యాలి. అది నలుగుతుందని మా నాయనమ్మ చాలాసార్లు టీవీయే పెట్టనిచ్చేది కాదు.) రోజికా పార్కర్ 1984లో ‘ది సబ్‌వర్సివ్ స్టిచ్’ అనే పుస్తకంలో ఇంగ్లండులో ఎంబ్రాయిడరీ చరిత్రను ఇదే కోణం నుంచి పరిశీలించింది. ఆడపిల్లని అణకువగా మలచడానికి వాడిన సూదే, ఆ పిల్లలకి ఆనందాన్నీ తమ మాట తాము చెప్పుకునే దారినీ కూడా ఇచ్చిందని ఆమె చూపించింది. ఈ రెండో సగాన్ని మనం సరిగ్గా పట్టించుకోలేదు.

ఎందుకు స్త్రీలు ఈ పనినే ఎంచుకుంటారు? దీనికి సమాధానం సూదిలోనే ఉంది. స్వెట్టరు అల్లే రెండు సూదుల పనిలో వరస పొడుగునా ఉన్న కుట్లన్నీ సూదిమీదే బతికి ఉంటాయి. ఒకటి జారితే కిందిదాకా ఊడిపోతుంది. క్రోషేలో అలా కాదు. కొక్కెం ఉన్న ఒకే ఒక్క సూది, దానిమీద ఎప్పుడూ ఒకే ఒక్క ముడి. మిగిలినదంతా అప్పటికే బిగిసిపోయి ఉంటుంది. అంటే ఈ పనిని ఏ క్షణానైనా కిందపెట్టి లేవవచ్చు. పాలు పొంగుతున్నాయనో, పిల్లవాడు ఏడుస్తున్నాడనో, అత్తగారు పిలిచారనో, గేటు చప్పుడైందనో లేచి, మళ్లీ వచ్చి అదే ముడిలో సూది దూర్చి సాగించవచ్చు. స్త్రీల కాలం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కలకు సరిపోయేటట్టు ఉన్న కళ ఇది. చిత్రం వెయ్యాలన్నా కథ రాయాలన్నా రెండు గంటలు తలుపేసుకోవాలి. ఆ తలుపు మన ఇళ్లలో ఎంతమంది స్త్రీలకు ఉంది? 2024లో కేంద్ర గణాంక శాఖ జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు ఖర్చుపెడుతుంటే, ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. మధ్యలో మిగిలిన పావుగంటలూ పదినిమిషాలూ ఏరుకుని స్త్రీలు ఏదో ఒకటి సృష్టించుకుంటున్నారంటే, దాన్ని చిన్నచూపు చూడడానికి మనమెవరం?

ఇంకొకటి గమనించండి. పేకాట ఆడి లేచిన మగవాణ్ణి ‘ఇంతసేపు కూర్చుని ఏం తయారుచేశావు?’ అని ఎవరూ అడగరు. స్త్రీ తీరికకు మాత్రం చివర ఒక వస్తువు చూపించాలి. ఉట్టినే కూర్చుంటే పనిదొంగ. చేతిలో సూది ఉంటే మాత్రం ఆ కూర్చోవడానికి అనుమతి దొరుకుతుంది. చాలామంది స్త్రీలకు అల్లిక అంటే కూర్చునే హక్కు సంపాదించుకునే ఉపాయం. అందులో ఆలోచించుకోవచ్చు, పక్కవాళ్లతో మాట్లాడుకోవచ్చు, ఇంట్లో చెప్పుకోలేనివి చెప్పుకోవచ్చు. 2016 జనవరిలో చెన్నైలో ‘మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్’ అనే పేరుతో కలిసిన స్త్రీలు తలా కొంత అల్లి, అన్నీ జతచేసి 11 వేల చదరపు మీటర్లకు పైబడిన దుప్పటి పరిచి గిన్నిస్ పుస్తకంలో పేరు ఎక్కించుకున్నారు. రికార్డుల మీద నాకు ఆసక్తి లేదు. కానీ ఇళ్లలో విడివిడిగా కూర్చున్న అంతమంది స్త్రీలు ఒక లెక్క ప్రకారం, ఒక గడువు ప్రకారం కలిసి పనిచెయ్యగలిగారన్నది కార్యకర్తలుగా మనం తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదు. సంఘాలు కట్టడానికి మనం పడే పాట్లు మనకి తెలుసు.

ఇది బుర్ర అక్కర్లేని పని అన్న అపోహ కూడా ఉంది. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమినా అనే లాత్వియా గణితజ్ఞురాలు ‘హైపర్‌బోలిక్’ తలం అనే రేఖాగణిత భావనకు క్రోషేతో నమూనా తయారుచేసింది. అంతకుముందు కాగితంతో చేసేవాళ్లు, అవి చిరిగిపోయేవి. ప్రతి వరసలోనూ ఒకే నిష్పత్తిలో కుట్లు పెంచుకుంటూ పోతే అంచు అలలు అలలుగా ముడుచుకుంటుంది. విద్యార్థులు ఆ ఆకారాన్ని చేత్తో పట్టుకుని, మడిచి, దానిమీద గీతలు కుట్టి చూడవచ్చు. లేసు గౌనుకు కుచ్చుల అంచు అల్లే ఏ స్త్రీకైనా ఈ పెంపకం తెలుసు. ఆమెకు తెలిసినదాన్ని గణితం అని ఎవరూ పిలవలేదు, అంతే.

ఇక గోదావరి ఒడ్డుకు వద్దాం.

నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాలకు ఈ సూది 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చింది. కరువులతో చితికిపోయిన ప్రాంతంలో, కొత్తగా మతం మారిన పేద స్త్రీలకు ఒక ఆధారంగా మిషనరీల భార్యలు దీన్ని నేర్పారు. దాదాపు అదే కాలంలో, 1845 తర్వాత బంగాళాదుంప కరువులో అలమటిస్తున్న ఐర్లండులోనూ సన్యాసినుల మఠాలలో, చర్చి కుటుంబాలలో క్రోషే లేసు నేర్పి, అల్లినదాన్ని ఇంగ్లండు దొరసానులకు అమ్మారు. ఈ సూదికి తీరికతో సంబంధం తర్వాత వచ్చింది. మన దగ్గరకి వచ్చేటప్పటికే ఇది ఆకలితో కలిసి వచ్చింది.

1852లో దవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా పచ్చబడింది. నీళ్లు వచ్చినచోట భూమి ఉన్నవాళ్లు బాగుపడ్డారు. బాగుపడ్డామని లోకానికి చూపించుకోవడానికి ఒక మార్గం ఇంటి ఆడవాళ్లని పొలం పనుల్లోంచి మాన్పించి గడప లోపల ఉంచడం. పెద్ద రైతుల ఇళ్లలో అది సాగింది. చిన్న రైతుల ఇళ్లలో ఆడవాళ్లు బయటకి వెళ్లకూడదు, కానీ వాళ్ల సంపాదన లేకపోతే ఇల్లు గడవదు. ఘోషా పరువుకీ చాలీచాలని ఆదాయానికీ మధ్య ఉన్న ఆ సందులోకి లేసు వచ్చి కూర్చుంది. గడప దాటక్కర్లేదు, నూలు ఇంటికే వస్తుంది, అల్లినది ఇంటినుంచే వెళ్తుంది. పేద దళిత క్రైస్తవ స్త్రీలతో మొదలైన పని కాపు కుటుంబాల స్త్రీలదాకా పాకింది.

1970ల చివరలో జర్మన్ స్త్రీవాద సామాజికశాస్త్రవేత్త మారియా మీస్ (1931–2023) ఈ ఊళ్లలో పరిశోధన చేసి, 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ పుస్తకం ప్రచురించింది. ప్రపంచమంతటా స్త్రీల అధ్యయనాలలో పాఠ్యపుస్తకంగా చదివే గ్రంథం అది. మన జిల్లా స్త్రీల గురించి రాసిన ఆ పుస్తకం గురించి మన కార్యకర్తలలో చాలామంది వినివుండరు. ఇది నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. ఆమె చూపించినది స్థూలంగా ఇది. లక్షకు పైబడిన స్త్రీలు విదేశీ మార్కెట్టు కోసం రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్నారు. వాళ్లకి రోజుకి ఒక రూపాయి కూడా గిట్టుబాటు కావడం లేదు. ఎండలో నాట్లు వేసే దళిత కూలీ స్త్రీకి దక్కే కూలి అంతకంటే మెరుగు. అయినా లేసు అల్లే స్త్రీ తనని కూలీ అనుకోదు. ఆమె గృహిణి. లేసు ఆమె ‘తీరిక వేళల్లో’ చేసుకునే పని. హరితవిప్లవం తర్వాత మిగులు డబ్బు చేతికొచ్చిన రైతుల్లో కొందరు లేసు ఎగుమతిలోకి దిగి వ్యాపారులయ్యారు. అమ్మకం అంతా మగవాళ్లది, అల్లకం అంతా ఆడవాళ్లది. స్త్రీని ముందు గృహిణిగా నిర్వచించి, ఆ నిర్వచనం పేరుమీదే ఆమె శ్రమను చవగ్గా కొనుక్కునే ఈ పద్ధతిని మీస్ ‘గృహిణీకరణ’ అంది.

పని విభజన చూస్తే ఇది ఎంత పకడ్బందీ ఏర్పాటో అర్థమవుతుంది. ఒకామె పువ్వులు మాత్రమే అల్లుతుంది. ఇంకొకామె వాటిని జతచేస్తుంది, దాన్ని అతుకుపని అంటారు. బల్లగుడ్డ పూర్తయ్యేసరికి ఎన్నో చేతులు మారుతుంది. పూర్తి వస్తువు ఎలా ఉంటుందో, ఎక్కడికి పోతుందో, ఎంతకు అమ్ముడవుతుందో పువ్వు అల్లినామెకు తెలిసే అవకాశం తక్కువ. ఫ్యాక్టరీ లేదు, షెడ్డు లేదు, దీపం ఖర్చు లేదు, మెడనొప్పికీ చూపు మందగించడానికీ యజమాని బాధ్యత లేదు. నేను ముందు చెప్పిన ఆ గుణమే, ఎప్పుడంటే అప్పుడు కిందపెట్టగల గుణమే, ఇక్కడ వ్యాపారికి వరమయింది. ఇంటిపనికి ఆటంకం లేకుండా, ఇంటిపని చేసే మనిషినుంచే ఎగుమతి సరుకు రాబట్టవచ్చు.

ఈ వ్యవస్థ పాతదైపోయిందని అనుకునేవారికి ఒక చిన్న నిజం చెప్పాలి. బట్టలు నేసే యంత్రం ఉంది, స్వెట్టరు అల్లే యంత్రం ఉంది, లేసు తీసే యంత్రం ఉంది. కానీ అసలైన క్రోషే కుట్టును వ్యాపారస్థాయిలో వేసే యంత్రం ఇంతవరకు లేదు. యంత్రాలమీద వచ్చే చైనా లేసు చూపుకి దగ్గరగా ఉంటుంది, కుట్టు మాత్రం వేరు. అదే చవగ్గా వచ్చి నర్సాపురం మార్కెట్టును దెబ్బకొట్టింది. అంటే బట్టల దుకాణంలో మూడువందల రూపాయలకు నిజమైన క్రోషే పైట అంచో పిల్లల టోపీయో వేలాడుతూ కనబడితే, దాన్ని ఎక్కడో ఒకచోట ఒక మనిషి కుట్టు కుట్టుగా చేత్తో అల్లింది. ఆ మూడువందల్లో దుకాణం వాటా, దళారి వాటా, నూలు ఖరీదు తీసేస్తే ఆమెకు మిగిలేది ఎంతో ఎవరైనా లెక్కవేసుకోవచ్చు.

2024లో నర్సాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. జిల్లాలో అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. నమోదు లేసు అల్లే స్త్రీల సహకార సంఘం పేరుమీద జరగడం మంచిదే. కానీ ఆ గుర్తింపు ఏం కాపాడుతుందో స్పష్టంగా తెలుసుకోవాలి. 1999 నాటి ఆ చట్టం పేరును కాపాడుతుంది. ఇంకొకచోట తయారైన సరుకును నర్సాపురం పేరుతో అమ్మకుండా ఆపుతుంది. నర్సాపురంలో అల్లినామెకు ఎంత ఇవ్వాలన్న విషయంలో ఆ చట్టానికి నోరు లేదు. పేరు విలువ పెరిగితే ఆ పెరిగినది ఎవరి జేబులోకి పోతుందన్నది బేరమాడే శక్తిమీద ఆధారపడుతుంది. ఆ శక్తి సర్టిఫికెట్టుతో రాదు. ఆ చట్టం కింద అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదు చేసుకోవచ్చు. అలా నమోదైనవారిలో వ్యాపారులెందరు, సూది పట్టినవారెందరు అని అడగడం మన సంఘాల పని.

ఇక్కడికి వచ్చాక మళ్లీ సరదాగా అల్లే ఆ యువతుల సంగతి. వాళ్లకీ నర్సాపురానికీ సంబంధం లేదనుకుంటే పొరపాటు. సరదాగా మొదలుపెట్టినవాళ్లలో కొందరు కొన్నాళ్లకి అమ్మడం మొదలుపెడతారు. బొమ్మలు, సంచులు, పిల్లల మేజోళ్లు. ధర చెప్పమంటే ఊలు ఖరీదు చెప్పి దానిమీద యాభయ్యో వందో కలుపుతారు. పదిగంటల పని. ‘ఇష్టంగానే చేశాను కదా, దానికి డబ్బెందుకు’ అంటారు. కొనేవాళ్లూ అదే మాట అంటారు. ఇష్టం అనే మాట స్త్రీల విషయంలో ఎప్పుడూ కూలి తగ్గించడానికే పనికొస్తోంది. వంట ఇష్టంగా, పిల్లల పెంపకం ఇష్టంగా, అంగన్‌వాడీలో సేవ ఇష్టంగా. జీతం ఉన్న భర్తో, తన ఉద్యోగమో ఉన్నామె ఊలు ఖరీదుకే అమ్మితే ఆమెకు నష్టం లేదు. కానీ అదే బజారులో అదే వస్తువు అమ్ముకుని బియ్యం కొనుక్కోవాల్సిన స్త్రీ ఉంది. ఆమె ధరను తెలియకుండానే ఈమె నిర్ణయిస్తోంది. బహుమతిగా ఇవ్వండి, ఊరికే ఇవ్వండి, మీ ఇష్టం. అమ్మేటప్పుడు మాత్రం గంటల లెక్క వెయ్యండి అని నేను నా విద్యార్థినులతో అంటుంటాను. కొందరికి కోపం వస్తుంది, ఆనందంగా చేసుకునేదాంట్లో కూడా లెక్కలేనా అని. ఆ కోపాన్ని నేను అర్థం చేసుకోగలను, ఒప్పుకోలేను.

చట్టంలో దారి లేదా అంటే ఉంది. 1948 కనీస వేతనాల చట్టంలోనే ‘ఉద్యోగి’ నిర్వచనంలో, యజమాని ఇచ్చిన ముడిసరుకుతో తన ఇంట్లోనే కూర్చుని వస్తువు తయారుచేసి ఇచ్చే మనిషి కూడా ఉండేది. నూలు ఇచ్చి లేసు తీసుకోవడానికి ఇంతకంటే దగ్గర నిర్వచనం దొరకదు. అయినా లేసు అల్లే స్త్రీలు ఆ గొడుగు కిందకు రాలేకపోయారు. నిజామాబాదు, కరీంనగర్ జిల్లాల బీడీ కార్మికులతో పోల్చి చూడండి. వాళ్లూ ఇంటి అరుగుమీదే పనిచేస్తారు, వాళ్లూ ఆడవాళ్లే, వాళ్లదీ ముక్కల లెక్క కూలే. కానీ 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటిదగ్గర బీడీలు చుట్టేవాళ్లని కార్మికులుగా గుర్తించింది. యజమానులు కోర్టుకెక్కితే 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. 1976లో సంక్షేమ నిధి వచ్చింది. గుర్తింపు కార్డులు, భవిష్యనిధి, తెలంగాణలో పింఛను కూడా వచ్చాయి. అదంతా పోట్లాడగా వచ్చినదే, ఇప్పటికీ అరకొరగానే అందుతోంది. కానీ బీడీ చుట్టేది తీరిక వేళల్లో సరదాకి చుట్టుతోందని ఎవరూ అనలేకపోయారు. లేసుకు ఉన్న అందమే దాని స్త్రీలకు శత్రువయింది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటిపట్టున చేసే పని గురించి 177వ ఒడంబడిక ఆమోదించింది. ఫ్యాక్టరీ కార్మికులతో సమానంగా వీరినీ చూడాలన్నది దాని సారాంశం. అందులో అహ్మదాబాదు ‘సేవా’ సంస్థ కృషి చాలా ఉంది. భారతదేశం దాన్ని ఇంతవరకు ధ్రువీకరించలేదు. పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. సామాజిక భద్రతా కోడ్‌లో ఇంటిపట్టున పనిచేసే కార్మికులకు నిర్వచనం ఉంది. నిర్వచనం ఉన్నంత మాత్రాన లాభం లేదని 1948 చట్టం అనుభవం చెబుతోంది. కార్మికురాలిగా నమోదు కావాలంటే ముందు ఆ స్త్రీ తాను కార్మికురాలినని చెప్పాలి. నేను పరిశోధన పనిమీద ఆ ఊళ్లలో తిరిగినప్పుడు ‘మీరేం పని చేస్తారు?’ అన్న ప్రశ్నకు, చేతిలో సూది ఆడుతుండగానే ‘ఏం లేదండి, ఇంట్లోనే ఉంటాను’ అన్న జవాబు విన్నాను. ప్రశ్న మార్చి ‘నిన్న పొద్దున్నుంచి ఏమేం చేశారు?’ అని అడిగితే అల్లిక గంటలు ఒక్కొక్కటిగా బయటకొచ్చేవి.

స్వచ్ఛంద సంస్థల మిత్రులతో ఒక మాట. డ్వాక్రా రోజులనుంచి మనం చూస్తున్నాం, ఏ గ్రాంటు వచ్చినా మొదటి శిక్షణ కుట్లూ అల్లికలూనే. నేర్పడం సులువు, ఖర్చు తక్కువ, ఇంట్లో మగవాళ్లు అభ్యంతరపెట్టరు, ఫోటోల్లో బాగుంటుంది. నేర్చుకున్నాక సరుకు ఎవరు కొంటారు, ఏ ధరకు అన్నది మాత్రం నివేదికలో చివరి పేరాలో ఉంటుంది. సూది పట్టడం నేర్పకండి అని నేను అనడం లేదు. గోదావరి జిల్లాల్లో ఆ శిక్షణ మనం ఇవ్వనక్కర్లేదు కూడా, తల్లులే కూతుళ్లకి నేర్పుతున్నారు. బేరం ఆడటం, బిల్లు చదవడం, దళారి లేకుండా ఆర్డరు పట్టడం, ముక్కకి పట్టే కాలాన్ని లెక్కకట్టడం నేర్పే శిక్షణలు ఎన్ని జరిగాయి?

ఆ చివరి పనిలో మన కొత్త అల్లికల స్నేహితురాళ్లు ఉపయోగపడతారని నాకు నమ్మకం. ముక్కల లెక్క కూలి నిర్ణయించేటప్పుడు అసలు తగాదా అంతా ఒక ముక్కకి ఎంతసేపు పడుతుందన్నదానిమీదే ఉంటుంది. నర్సాపురంలో ఎక్కువగా అల్లే పది పన్నెండు రకాల పువ్వులు, అంచులు తీసుకుని, గడియారం పక్కన పెట్టుకుని, అనుభవం ఉన్నవారూ కొత్తవారూ ఎంతెంతసేపట్లో అల్లుతున్నారో ఒక పట్టిక తయారుచేసుకోవచ్చు. అక్కడి స్త్రీలు అక్కడ, హైదరాబాదులోనూ విశాఖలోనూ సరదాగా అల్లే స్త్రీలు ఇక్కడ. కార్మిక శాఖ అధికారి ముందు కూర్చున్నప్పుడు ‘ఇది పావుగంట పనండి, తీరిగ్గా అల్లుకుంటారు’ అని ఏజెంటు అంటే, అదే పువ్వును స్వయంగా అల్లి, ఎంతసేపు పట్టిందో రాసుకున్న కాగితం తీసుకుని లేచి నిలబడడానికి బయటినుంచి కూడా మనుషులు ఉంటారు.